పదికి ఒకటి కొసరు

పోయినవాటిని ముందు లెక్క వేస్తాను. ఏ పనైనా అలా మొదలుపెడితే తప్ప నాకు చేయి కదలదు. నేల మీద బాసింపట్టు వేసుకుని అన్నం తినడం పోయి మూడేళ్లు. సైకిలు పోయి రెండేళ్లు. లారీ మీదికెక్కి, పేర్చిన పలకరాళ్ల వరసలను ఒక్క చూపు చూసి ఎన్ని ఉన్నాయో చెప్పడం, అదే నా బతుకుతెరువు, పోయి పదకొండు నెలలు. ఇప్పుడు కింద నిలబడి, పైనున్నవాళ్లు చెప్పిన అంకెను నమ్మాలి. కంభం చెరువు కట్ట ఎక్కడం పోయింది. బస్సు మొదటి మెట్టు మీద కమ్మీ పట్టుకోకుండా కాలు పెట్టడం పోయింది. ఇవి అయిదు. వీటన్నిటి కంటే చాలా ముందు పోయినవి మరో మూడున్నాయి: ఒక పీరియడు, ఒక మైదానం, ఒక మనిషి. మొత్తం ఎనిమిది. మొదటి అయిదు నా మోకాళ్లకు సంబంధించినవి, వాటికి మందులు రాసేవాళ్లున్నారు. తరువాతి మూడింటి సంగతి చెప్పుకోవడానికి మన వయసు వాళ్లు తప్ప ఎవరూ లేరు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పోయిన వారం మా ఇంటావిడ పోరు పడలేక మార్కాపురంలో మోకాళ్లకు వ్యాయామం చేయించే ఒక అమ్మాయి దగ్గరికి వెళ్లాను. మా చిన్నకూతురి వయసుంటుంది. నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, "చేతులు ఆనించకుండా లేచి కూచోండి పెద్దనాయనా, పది సార్లు" అంది. నాలుగు సార్లు లేచాను. అయిదోసారి సగంలోనే కుర్చీ నన్ను వెనక్కి లాక్కుంది. ఆ అమ్మాయి కాగితం మీద అయిదు అని వేసింది. నాలుగేనమ్మా అన్నాను. "పోనీలే పెద్దనాయనా, ఆ ఒక్కటీ నా తరఫున" అని నవ్వింది. మంచి పిల్ల. ఇంటికి వచ్చే దారి పొడుగునా మా ఇంటావిడ ఆ పిల్ల మంచితనాన్ని మెచ్చుకుంటూనే ఉంది. నేను మాత్రం ఆ ఒక్కటి దగ్గరే ఆగిపోయాను. నలభై ఏళ్ల కిందట అలాంటి ఒక్కటి నేను కూడా వేశాను, చాలామందికి, చాలా రోజులు.

మాది కొమరోలుకు అవతల మెట్ట పొలాల మధ్య ఊరు. వానొస్తే సజ్జ, కంది, రాకపోతే గిద్దలూరు పోయి ఏదో ఒక పని. ఊరి చివర హైస్కూలు, దాని వెనక మైదానం. మైదానం అంటే గడ్డి, గీతలు అనుకోకండి. గులకరాళ్లు ఏరి ఓ పక్కకు కుప్ప పోసిన ఎర్రనేల. ఆటసామాను గదిలో గాలి నిలవని ఫుట్‌బాలు ఒకటి, వల ఎప్పుడో చిరిగిపోయిన వాలీబాలు స్తంభాలు రెండు. తొమ్మిదో తరగతిలో ఉండగా మాకు కొత్తగా డ్రిల్లు సారు వచ్చారు. బక్కపలచని మనిషి, నలభై దాటి ఉంటాయి, ఇస్త్రీ మడత నలగని ఖాకీ నిక్కరు. మొదటిరోజు ఆ గది తాళం తీసి చూసి, మళ్లీ వేసి, తాళంచెవి తిరిగి హెడ్మాస్టరు గారికి ఇచ్చేశారు. మా దగ్గరికొచ్చి, "మీ ఒళ్లే మీ సామానురా. దీనికి తాళం అక్కర్లే, ఎవుడూ ఎత్తకపోడు" అన్నారు.

అప్పటినుంచి ఆఖరి పీరియడు రోజూ ఆయనదే. దండీలు, కూర్చుని లేచే బస్కీలు, కప్పగంతులు, బోర్లా పడుకుని తలా కాళ్లూ ఎత్తి పట్టడం, చేతుల మీద పీత నడక. మోకాలు ఎక్కడిదాకా వంగాలో, ఊపిరి ఎక్కడ తీసి ఎక్కడ వదలాలో ఒక్కొక్కడి పక్కన కూర్చుని చూపించేవారు. ఒకడికి ముందు, ఒకడికి వెనక అని లేదు. నిన్న నువ్వు పన్నెండు చేస్తే ఈరోజు పదమూడు, అంతే నీ పోటీ. ఆడపిల్లలకు మాత్రం అప్పుడు డ్రిల్లు లేదు, వరండాలో కుట్టుపని. వాళ్లకు ఎంత పోయిందో ఎవరూ లెక్క వేయలేదు, నాతో సహా.

ఊళ్లో ఇది అందరికీ నచ్చిందని కాదు. మా నాయన ఒకరోజు పొలం నుంచి నేరుగా బడికొచ్చి, "పొద్దస్తమానం మడక పట్టేటోళ్ల పిల్లోళ్లకు బస్కీలేంది సారూ? బడికి తోలేది కూచోబెడతారని గదా" అని అడిగేశాడు. సారు కోప్పడలేదు. మా నాయనను గోడకు వీపు ఆనించి నిలబడమన్నారు. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి ఉంది. పని ఒంటిని ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుందని, మడకతో దున్నే చెయ్యి, బిందె మోసే నడుము, గంప ఎత్తే మెడ వేరువేరుగా అరుగుతాయని, రెండు పక్కలా సమానంగా చేసే పని ఒంటికి రోజుకు అరగంటైనా లేకపోతే యాభై ఏళ్లకే మనిషి వంకర తిరుగుతాడని సారు చెప్పారు. మా నాయన వచ్చేశాడు గానీ, ఆ తరువాత చాలా రోజులు, ఎవరూ చూడడం లేదనుకున్నప్పుడు, ఇంటి గోడకు ఆనుకుని నిలబడి భుజాలు సరి చూసుకోవడం నేను చూశాను.

ఇక నా సంగతి. ఒళ్లు బలహీనం, లెక్క బలం. బళ్లో చెప్పిన లెక్కలు కావు నావి. మా జేజినాయన, అంటే నాయనకు నాయన, కళ్లాల్లో గింజలు కొలిచే మనిషి. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. కుంచంతో కొలుస్తూ ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి, రెండు, మూడు అని రాగంగా లెక్కపెట్టేవాడు. కూలికొచ్చినవాళ్లకు కొలిచేటప్పుడు ప్రతి పది కుంచాలకూ రెండు దోసిళ్లు విడిగా పోసేవాడు. అది కొసరు. రైతు మొహం చిట్లించినా ఆగేవాడు కాదు. "వాని సంచిలో కొసరు పడకపోతే ఏం మొగం పెట్టుకోని ఇంటికి పోతాడు?" అనేవాడు. లెక్క అంటే అది అని నా బుర్రలో పడిపోయింది: కచ్చితంగా ఉండాలి, చివర కాస్త దయగా ఉండాలి.

డ్రిల్లు సారుకు ఒక నియమం ఉండేది. చేసేవాడు లెక్కపెట్టకూడదు, లెక్కపెట్టేవాడు చేయకూడదు. చేసేవాడి మనసు అంకె మీద ఉంటే మోకాలు దొంగతనం చేస్తుంది. అందుకని ఆయన కూడా మాకు ముందు నిలబడి మాతోపాటే చేసేవారు, లెక్కకు ఒకడిని పెట్టేవారు. దసరా సెలవుల తరువాత అందరికీ రోజుకు వంద బస్కీలని పెట్టారు, లెక్క పని నాకొచ్చింది. రోజూ ఎన్నయ్యాయో ఒక నోటుపుస్తకంలో రాయాలి. లెక్కపెట్టేవాడు తన వంతు మాత్రం ఇంటికి పోయి చేసుకోవాలి, అవి ఎవరూ చూడరు, తనే రాసుకోవాలి. నేను మొదటిరోజు జేజినాయన రాగంలోనే లాభం అని ఎత్తుకుంటే పిల్లలంతా పగలబడి నవ్వారు. సారు నవ్వలేదు. "బాగుందిరా, అట్లే పెట్టు" అన్నారు.

మా మేనత్త కొడుకు, నా బావ, మొదటి వరసలో ఉండేవాడు. లావుపాటి మనిషి. నలభై దాటేసరికి మొహం కందిపోయి నా వైపు చూసేవాడు, కళ్లాంలో కూలివాళ్లు జేజినాయన చేతి వైపు చూసినట్టు. ఒకరోజు నాకు తెలియకుండానే ఒక్క బస్కీకి రెండు అంకెలు కలిపి పలికాను. తొమ్మిదికి పది అయ్యాయి. బావ తరువాతిదానికి వంగాడు. మరుసటి రోజు నుంచి ప్రతి పదికీ ఒకటి కొసరు వేశాను. యాభై దాటాక వాళ్ల అవస్థ చూడలేక రెండు వేశాను. మొదటి యాభై నిజానికి నలభై అయిదు, తరువాతి యాభై నిజానికి నలభై. నేను వంద అని అరిచేసరికి వాళ్లు చేసినవి ఎనభై అయిదు. పుస్తకంలో వంద. నా పేరు పక్కన కూడా వంద. ఇంటికి పోయాక నేను ఒక్కటీ చేయలేదన్నది వేరే సంగతి. లెక్కపెట్టీ పెట్టీ నేను కూడా చేసినట్టే అనిపించేది.

ఫిబ్రవరి చివరికి వచ్చేసరికి మా తరగతిలో ముప్ఫై ఎనిమిది మంది మొగపిల్లలం కాము, ముప్ఫై ఎనిమిది స్ప్రింగులం. అంటే వాళ్లు, ఆ ముప్ఫై ఎనిమిదిలో నేను లేను. కొసరు పోను చేసినవైనా పనిచేశాయి. సద్ది కడుపుతో మధ్యాహ్నానికి తూగిపోయే పిల్లలు నిటారుగా కూర్చుంటున్నారు. ఎండాకాలం బోరు దగ్గరి నుంచి నీళ్లు మోసుకొచ్చే మా బావ కావడి భుజం మార్చుకోవడం నేర్చుకున్నాడు. అయితే అప్పుడే హెడ్మాస్టరు గారికి పై నుంచి ఒత్తిడి మొదలైంది. పదో తరగతిలో తప్పినవాళ్లు ఎక్కువయ్యారు, ఆఖరి పీరియడు లెక్కలకు ఇచ్చేయాలి. డ్రిల్లు వారానికి ఒక్కరోజు చాలు. స్టాఫు గది కిటికీ కింద నుంచి ఆ మాటలు నేను స్వయంగా విన్నాను.

సారు బతిమాలే మనిషి కాదు. ఆరోజు మాత్రం బతిమాలారు. జూన్‌లో ఇరవై బస్కీలకు కూలబడిన పిల్లలు ఇవాళ ఆగకుండా వంద చేస్తున్నారని, కావాలంటే వచ్చి చూడమని, చేయలేకపోతే పీరియడు తీసుకోమని అన్నారు. హెడ్మాస్టరు గారు నమ్మలేదు. సారు నా నోటుపుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఈ పిల్లోడు గింజలు కొలిచేటోళ్ల మనవడు సార్. వీని లెక్క తప్పదు."

ఎల్లుండి చూస్తామన్నారు. నాకు రెండు రోజుల గడువుంది. చెప్పేయడానికి రెండు రోజులంటే చాలా ఎక్కువ. పొద్దున బడికి పోయే దారిలో చెబుదామనుకున్నాను, సారు సైకిలు మీద ఎదురుగా వచ్చి నా వీపు తట్టి పోయారు. సాయంత్రం చెబుదామనుకున్నాను, మైదానంలో ఆయన చీపురు పట్టుకుని గులకరాళ్లు ఊడుస్తున్నారు. నాకున్న ధైర్యం ఒక్కటే. లెక్కపెట్టేది నేనే కదా. వంద నా నోట్లో ఉంది.

ఆరోజు హెడ్మాస్టరు గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. నేను ఎత్తుకోబోతుంటే ఆయన చెయ్యెత్తారు. "నువ్వు తప్పుకో నాయనా. ఇయ్యాళ నేను పెడతా లెక్క." అని లేచి నిలబడి ఒకటి అన్నారు.

నేను కుప్ప పోసిన గులకరాళ్ల పక్కకు పోయి నిలబడ్డాను. యాభై దాకా బాగానే ఉంది. అరవై దగ్గర మా బావ పక్కవాడితో గొణగడం నాకు వినబడింది: "అంకెలేందిరా ఇయ్యాళ నత్త మాదిరి పోతాండాయి?" డెబ్బై దగ్గర వరసలు వంకరపోయాయి. రోజూ వంద విన్నప్పుడు ఒంట్లో ఎంత ఊపిరి మిగిలేదో, ఆరోజు ఎనభై అయిదు విన్నప్పుడు అంతే మిగిలింది, ఇంకా పదిహేను ఉన్నాయి. పదిహేను పెద్ద కొండేమీ కాదు. కానీ నూటపన్నెండు రోజులుగా వాళ్ల కాళ్లకు అలవాటైన ముగింపు అది. మా బావ తొడల మీద చేతులు పెట్టి వంగిపోయాడు. వాడిని చూసి మరొకడు. ఎనభై తొమ్మిది దగ్గర వెనక వరస మొత్తం కూర్చుంది. వంద దాకా వచ్చినవాళ్లు తొమ్మిది మంది, వాళ్లలో ఆరుగురు గొర్రెలు కాసే ఇళ్ల పిల్లలు, రోజూ గుట్టలెక్కేవాళ్లు. హెడ్మాస్టరు గారు కుర్చీ లోపల పెట్టించమని చెప్పి వెళ్లిపోయారు. సోమవారం నుంచి ఆఖరి పీరియడులో మాకు లెక్కలు. నాకు ఇష్టమైన లెక్కలు.

బావకు ఆ సాయంత్రం చెప్పేశాను. వాడు తొడలు నొక్కుకుంటూ కూర్చున్నాడు. తరువాత, "నువ్వు కలుపుతాండావని మాకు తెల్సులేరా. ఇంత కలిపినావని తెలీదు" అన్నాడు. అందరికీ కాస్త కాస్త తెలుసన్నమాట. ఒక్కరికి తప్ప.

ఆ ఒక్కరికి చెప్పడానికి మర్నాడు పోయాను. సారు సామాను గది మెట్టు మీద కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరవకముందే అడిగారు.

"పదికి ఎన్ని మింగినావురా?"

"ముందు ఒకటి సార్. యాభై దాటినాక రెండు."

"ఎందుకట్ల?"

"కొసరు సార్."

ఆయన నవ్వారు. కొట్టి ఉంటే బాగుండేది. "గింజల కొసరైతే తీసుకున్నోని సంచిలో పడుతుంది. వీళ్లకు నువ్వేసిన కొసరు ఎవురి సంచిలో పడిందిరా? ఒంటికి ఇచ్చుకునేది నువ్వే, తీసుకునేది నువ్వే. మధ్యలో దయ చూపేదానికి ఎవురున్నారు?"

తరువాత నా నోటుపుస్తకం నా చేతికే ఇచ్చి లెక్క చెప్పమన్నారు. అక్కడే నిలబడి నోటితో చెప్పాను. రోజుకు పదిహేను, ముప్ఫై ఎనిమిది మంది, నూటపన్నెండు రోజులు, అరవై మూడు వేల ఎనిమిది వందల నలభై. ఆయన కూడా మాతో చేశారు కాబట్టి ఆయనవి విడిగా పదహారు వందల ఎనభై. నావి కొసరు కాదు, మొత్తానికి మొత్తం, పదకొండు వేల రెండు వందలు. సారు వేళ్లతో సరిచూసుకుని, "వాళ్లవి వాళ్ల ఒళ్లే వసూలు చేసుకుంటాయి. నావి నేను చేసుకుంటా. నీవి నువ్వు కట్టు. ఎప్పుడన్నా కట్టు, దొంగలెక్క మాత్రం రాయొద్దు" అన్నారు.

ఆ ఏప్రిల్‌లో, సెలవులకు ముందే, కట్టడం మొదలుపెట్టాను. పొద్దున్నే పెరట్లో రోజుకు నలభై, అరవై ఒక్క రోజులు, రెండు వేల నాలుగు వందల నలభై. నా జీవితంలో నా ఒళ్లు నా మాట విన్న రోజులు అవే. ఊపిరి నిండుగా ఆడేది, రాత్రి పడుకుంటే కలలు కూడా వచ్చేవి కావు. జూన్‌లో బడి తెరిచేసరికి సారుకు హనుమంతునిపాడు వైపు బదిలీ అయిందన్నారు. వారానికి ఒక్క పీరియడు కోసం ఇక్కడ ఒక సారు ఎందుకని పై వాళ్లు అనుకుని ఉంటారు. అడిగేవాళ్లు లేకపోయేసరికి నేను ఆపేశాను. పదో తరగతి అయ్యాక మార్కాపురం పలకల పనిలోకి వచ్చేశాను. అప్పటినుంచి కూర్చుని లెక్కపెట్టడమే, నిలబడి లెక్కపెట్టడమే.

చాలా ఏళ్లకు, నాకు పెళ్లయి పిల్లలు పుట్టాక, కంభం బస్టాండులో ఆయన కనిపించారు. రిటైరయ్యారు. జుట్టంతా నెరిసింది, వీపు మాత్రం అలాగే ఉంది, నిలువుగా గీసిన గీతలాగా. నన్ను గుర్తుపట్టారు. పిల్లలెంతమంది, ఏం పని అని అడగలేదు. "ఎంత మిగిలిందిరా?" అన్నారు. అయిపోయాయని చెప్పడానికి నోరు తెరిచి, ఆయన కళ్లు నా పొట్ట మీద, తొడల మీద ఆగడం చూసి, ఉన్న అంకె చెప్పాను. తల ఊపి, "నావి ఆ ఏడే అయిపోయినాయి" అని, నా భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కి, కదులుతున్న బస్సు మెట్టు మీదికి ఎక్కేశారు. ఆ తరువాత మళ్లీ చూడలేదు. నిరుడు పోయారని ఎవరో చెబితే తెలిసింది.

మొన్న ఊరికి పోయినప్పుడు బడి వెనక్కి వెళ్లి చూశాను. మైదానంలో సగం మీద కొత్త గదులు లేచాయి, మంచి గదులే, ఫ్యాన్లున్నాయి. మిగిలిన సగంలో ముళ్లకంప. గిద్దలూరులో నా మనవడు చదివే బడికి అసలు మైదానమే లేదు, మేడ మీద నాలుగో అంతస్తులో తరగతి. వ్యాయామం పీరియడు టైంటేబుల్లో రాసి ఉంది, ఆ గంటలో ఇంగ్లీషు చెబుతున్నారు. వాడి చేతికి మా అల్లుడు ఒక గడియారం కొనిచ్చాడు, అడుగులు అదే లెక్కపెడుతుంది. వాడు సోఫాలో కూర్చుని చెయ్యి ఊపుతూ ఉంటే అంకె పెరుగుతూ ఉంటుంది. పదకొండేళ్ల పిల్లవాడు నేల మీద పడిన పెన్సిలు తీయడానికి బల్ల పట్టుకుని వంగుతున్నాడు. వాడిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. చేయించాలంటే చేసి చూపించాలి, సారు అలాగే చేయించారు. నాకు మాటలు మాత్రమే ఉన్నాయి. ఒక్క సామానూ అక్కర్లేని చదువును, ఏ ఇంటి పిల్లవాడికైనా సమానంగా అందే చదువును, చేయలేక కాదు, అంకె ఒకటి నిండితే చాలనుకుని మనమే పోగొట్టుకున్నాం. ఆ పనిలో మొదటి చెయ్యి నాదేమోనని నాకు అనుమానం.

ఆయన లేరు కాబట్టి ఇక అడిగేవాళ్లు లేరు. కట్టడానికి ఒళ్లు ఒప్పుకోదు. అయినా లెక్క రాసిన మనిషిగా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా. నేను ఇంకా బాకీ ఉన్న బస్కీలు ఎనిమిది వేల ఏడు వందల అరవై.